మైసాక్షి చెప్పే పాఠం

పండుగనాడు నిప్పుల మీద సాంబ్రాణితో పాటు వేసే మైసాక్షి మనందరికీ తెలిసిందే. ఆయుర్వేదంలో దీని పేరు గుగ్గులు. ఇది రాజస్థాన్, గుజరాత్ మెట్టల్లో పెరిగే ఒక ముళ్ళ చెట్టు బంక. గుండెకు మంచిదని దీన్ని మాత్రలుగా కూడా అమ్ముతున్నారు. ఇందులో నిజమెంత?

కొలెస్టరాల్ విషమేమీ కాదు. కణాలకూ, కొన్ని హార్మోన్ల తయారీకీ అది అవసరం. చాలా భాగం మన శరీరమే తయారుచేసుకుంటుంది. అయితే ఎల్‌డీఎల్ రూపంలో రక్తంలో ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. గుండెకు రక్తమిచ్చే నాళం మూసుకుపోతే గుండెపోటు వస్తుంది.

1966లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి అనే పరిశోధకురాలు సుశ్రుత సంహిత ఆధారంగా గుగ్గులును కుందేళ్ళపై పరీక్షించారు. కొలెస్టరాల్ తగ్గింది. తరువాత లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ఆ బంక సారంతో 'గుగులిపిడ్' తయారుచేసింది. మన దేశంలో రోగులపై జరిగిన పరీక్షల్లోనూ మంచి ఫలితాలు కనిపించాయి.

కానీ 2003లో అమెరికాలో 103 మందిపై 8 వారాల పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. కొందరికి ఈ సారం, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ, వైద్యుడికీ తెలియదు. సారం వాడినవారిలో ఎల్‌డీఎల్ తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 5 శాతం తగ్గింది. సారం వాడిన కొందరికి దద్దుర్లు కూడా వచ్చాయి.

అలాగని ప్రకృతిలో దొరికే మందులన్నీ పనికిరానివి కావు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ ఒక బూజు నుండి దొరికిందే. అది కాలేయంలో కొలెస్టరాల్ తయారీని అడ్డుకుంటుంది. ఈ తరగతి మందులు గుండెపోట్లను తగ్గిస్తాయని వేలమందిపై జరిపిన పరీక్షల్లో తేలింది. చెట్టుదా, ఫ్యాక్టరీదా అన్నది కాదు, పరీక్షలో నిలిచిందా లేదా అన్నదే ముఖ్యం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా నాన్న డాక్టరు రాసిన మాత్రలు నాలుగు నెలలు వాడి, "ఒంట్లో బాగానే ఉంది గదా" అని మానేసి, సంతలో ఏదో పొడి కొనుక్కున్నాడు. కొలెస్టరాల్ పెరిగితే నొప్పి ఉండదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. మళ్ళీ పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ మొదటికి వచ్చింది. ఆ రిపోర్టు చదవగలిగింది ఇంట్లో నేనొక్కడినే. అది కూడా నాలుగు నెలలు ఆలస్యంగా చదివాను.

తమ్ముళ్ళూ, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ సంచిలోని కాగితాలు తీసి చూడండి. డాక్టరుని అడగకుండా మాత్ర మాన్పించకండి. వాడుతున్న పొడుల సంగతీ డాక్టరుకు చెప్పించండి. మన ఇళ్ళలో ఆ కాగితం చదవాల్సింది మనమే.