సముద్రము దాటిన జాబులు

నేను బడిపంతులును. 35 ఏండ్లు పిల్లల దస్తూరి దిద్దినవాడను. ఎంత వంకరవ్రాతయైనను నా కన్నులకు లొంగకపోదని నాకొక గర్వముండెడిది. జర్మనీలో ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు సెలవులకు వచ్చి, కంప్యూటరు తెరపై ఒక పాతజాబు ఛాయాచిత్రమును చూపుటతో ఆ గర్వము దిగిపోయెను. కాగితమునిండ రంపపు పండ్లవంటి గీతలే కాని అక్షరమనునది కానరాలేదు. అది పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాకు వలసపోయిన జర్మనుడొకడు స్వగ్రామమునకు వ్రాసికొన్న జాబట. అట్టి జాబులను యంత్రముచే చదివించి పరిశోధించు పద్ధతిని గూర్చియు, అందు నాకు కలిగిన ఒక శంకను గూర్చియు నేడు మనవి చేసెదను.

1820 మొదలు 1914 వరకు జర్మను దేశములనుండి అమెరికా సంయుక్తరాష్ట్రములకు పోయినవారు 50 లక్షలకు పైబడియున్నారు. 1882వ సంవత్సరమొక్కటియందే సుమారు 2,50,000 మంది పోయిరి. కొన్ని సీమలలో తండ్రిభూమి కొడుకులందరికి పంచి పంచి బిగువుగా నడుగుపెట్టుటకైనను చాలకపోయెను. మరికొన్నింట ఒక్క వారసునికే దక్కి, తక్కినవారు కూలికి మిగిలిరి. 1846-47లో బంగాళాదుంప పంట తెగులుతో పోయెను. బ్రెమెను, హాంబర్గు రేవులలో ఓడలు సిద్ధముగ నుండెను. అయితే వారు వట్టి నిరక్షరాస్యులు కారు. గ్రామపాఠశాలలలో వ్రాత నేర్చినవారు. అందుచేత రైతులు, పనిపిల్లలు, వడ్రంగులు తమ చేతితోనే జాబులు వ్రాసిరి. ఒక జాబు వచ్చెనన్న బంధువులే కాక ఇరుగుపొరుగులును గుమిగూడి వినెడివారు. కూలి యెంత, ఎకరము వెల యెంత, ఓడలో నేమి తినవలెను అను సంగతులు తెలిసికొని మరికొందరు పయనము గట్టెడివారు. కొన్ని జాబులతోపాటు అక్కడనే సొమ్ము చెల్లించిన ఓడ టిక్కెట్టును వచ్చెడిది.

ఈ జాబులను 1980 తరువాత బోఖుం విశ్వవిద్యాలయమున హెల్బిష్ అను చరిత్రకారుడు సేకరింపసాగెను. ఇండ్ల అటకలమీద, పెట్టెల అడుగున పడియున్న కట్టలు వేలకొలది జాబులై పోగుపడెను. వానినుండి ఏర్చిన సంపుటము 1988లో అచ్చయినది. ఆ సేకరణ ఇప్పుడు గోథా పట్టణమందలి పరిశోధన గ్రంథాలయమున నున్నది.

ఇక చదువుట. ఆనాటి జర్మనుల చేతివ్రాతకు కుర్రెంట్ అని పేరు. అందు ఎకారము నకారమువలె నుండును. నకారమునకును ఉకారమునకును భేదము ఉకారముపై నుంచు చిన్న వంపుగీత మాత్రమే. త్వరలో ఆ గీత జారిపోయెనా, పదమే మారిపోవును. మన పకార వకారములను తొందరలో వ్రాసినవారి జాబులు చదివినవారికి ఈ కష్టము తెలియును. 1941లో నాటి ప్రభుత్వము ఈ వ్రాతను బడులనుండి తొలగించెను. దానికి పూర్వము బడిలో నేర్చినవారు నేడు తొంబదియేండ్ల ముసలివారు. వారి మనుమలు తమ తాతముత్తాతల జాబులను మనము శాసనలిపిని చూచినట్లు చూచుచున్నారు.

ఈ లోటు తీర్చుటకే యంత్రము వచ్చినది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయమున పెరిగిన ట్రాన్స్‌క్రిబస్ అను సాధనము ఇట్టిది. దానికి ఎవరును అక్షరమాల నేర్పరు. నిపుణులు చదివి యెత్తివ్రాసిన పుటలను, వాని ఛాయాచిత్రములతో జతపరచి పంక్తి పంక్తిగా చూపుదురు. ఈ గీతలకు ఈ మాట యని వేలసారులు చూచి చూచి, అది క్రొత్త పుటను తానే ఊహించి చదువును. గురువు తప్పు చదివినచో శిష్యునకు ఆ తప్పే పట్టుబడును; ఇది మా వృత్తిలోను ఉన్నదే.

నూరు అక్షరములకు అయిదు తప్పులే యన్న మెచ్చదగినదిగ తోచును. లెక్కవేసి చూడుడు. అయిదక్షరముల మాటలలో ఆ తప్పులు క్రమము లేక చెదరియున్నచో ఇంచుమించు నాలుగు మాటలకొకటి చెడిపోవును. కాబట్టి నిఘంటువును తోడిచ్చి దిద్దించుట కలదు. నా శంక ఇచ్చటనే. వలసపోయిన రైతు జర్మనును బడిలో నేర్చినట్లు వ్రాయలేదు. ఇంట పలికినట్లు వ్రాసెను. కొంతకాలమునకు ఆంగ్లపదములు అందు చొరబడినవి. కంచెకు ఆంగ్లమున ఫెన్స్ అనుమాటను తన చెవికి తోచినట్లు 'ఫెంత్స్' అని జర్మను వర్ణక్రమమున వ్రాసెను. నిఘంటువు దీనిని దోషమని దిద్దివేసినచో, ఆ మనుష్యుడు క్రొత్త దేశమున వేరుపట్టుచున్నాడనుటకు గల సాక్ష్యమే తుడిచిపెట్టబడును.

ఈ పాపము నేనును చేసితిని. 1985 ప్రాంతమున కోనసీమలో మా యిరుగింటి ముసలమ్మ కూతురు కువైటులో ఇంటిపనికి కుదిరెను. ఆమెకు వచ్చిన జాబులు చదివి, మారుజాబులు వ్రాసిపెట్టువాడను నేనే. ఆమె "నీ మంచం ఎత్తలేదే, అలాగే ఏసుంచేను" అని చెప్పగా, నేను "నీ రాకకై నిరీక్షించుచున్నాను" అని వ్రాసితిని. తిరుగుజాబులో ఆ పిల్ల, "అమ్మా, ఇది నువ్వు చెప్పిందేనా?" అని అడిగెను. ఆ పంక్తి చదివి వినిపింపవలసినవాడనును నేనే.

కావున పండితులిప్పుడు జాబును వ్రాసినది వ్రాసినట్లే నిలిపి, దిద్దిన రూపమును ప్రక్కన వేరుగ గుర్తించుచున్నారు. మన తాళపత్రగ్రంథ పరిష్కర్తలు పాఠాంతరములు చూపినట్లు. వెదకువానికి రెండును దొరకును.

పిమ్మట యంత్రము లెక్కించును. ఏ మాట ఏ కాలమున ఎన్నిసారులు వచ్చినది, ఏ యూరినుండి ఏ యూరికి జాబులు నడచినవి అను సంగతులు క్షణములో తేల్చును. ఒక్క మనుష్యుడు జీవితమంతయు వెచ్చించినను చేయలేని పని యిది, నేను కాదనను. కాని ఇంటిబెంగకు జర్మనున హైమ్‌వే యని మాట యున్నది. అది ఒకని జాబులలో లేనంతమాత్రమున వానికి బెంగలేదని చెప్పవచ్చునా? తల్లి దుఃఖించునని దాచిన కొడుకు లుందురు. పైగా మిగిలినవి మిగిలిన జాబులే. ఒక యింట తరతరములుగ నిలిచినవారి పెట్టెలు నిలిచినవి. అద్దెకొంపలు మారినవారి కట్టలు పొయ్యిపాలైనవి. సొమ్ము చేసికొనలేక సిగ్గుపడి జాబు మానినవాడు ఈ లెక్కలలో ఎచ్చటను లేడు.

గోథా సేకరణమున పెక్కువంతు అమెరికానుండి వచ్చిన జాబులే. జర్మనీలోని తల్లులును అన్నదమ్ములును పంపిన ప్రత్యుత్తరములు అమెరికాలోని యిండ్లకు చేరినవి. 1917లో అమెరికా యుద్ధమున దిగుటతో అక్కడ జర్మనుభాషపై ద్వేషము ప్రబలెను. బడులలోను ఇండ్లలోను ఆ భాష వెనుకబడెను. ఈ కట్టలను వారి సంతతి చదువలేక దాచియుంచినది. వాషింగ్టనునందలి జర్మను చరిత్ర పరిశోధనసంస్థవారు ఇట్టివానినికూడ ఛాయాచిత్రములు తీసి అందరికి కనబడునట్లు పెట్టి, చదువగలవారిని ఎత్తివ్రాయుడని కోరుచున్నారు. నా శిష్యుడు ఆదివారములలో ఆ పని చేయుచున్నాడట. తల్లి వ్రాసిన ప్రత్యుత్తరమొకటి సగము చదివితిననియు, తక్కిన సగము యంత్రమునకును తనకును ఇంకను లొంగలేదనియు మొన్న వ్రాసినాడు.