పచ్చదీపము – రెండు గడియారములు

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు దారిలో పొలములు క్రమముగా పలుచబడి, అడవి దగ్గరగును. ఆ అడవి అంచున ఉన్న ఏ ఉన్నత పాఠశాలలోనైనను ఆటల పోటీల నాడు ఒక దృశ్యము కనబడును. డ్రిల్లు మాష్టరు ఈల ఊదును. వంద మీటర్ల ఆవల నిలిచిన మరియొక ఉపాధ్యాయుడు స్టాప్ వాచి నొక్కును. ఆ గడియారము పిల్లవాని పరుగును కొలుచుచున్నదని అందరును తలచుదురు. నిజమునకు అది కొలుచునది రెండు కాలముల మొత్తము. ఈల విని పిల్లవాడు కదలుటకు పట్టినది ప్రతిస్పందన కాలము. కదలిన పిదప గీత చేరుటకు పట్టినది గమన కాలము. (ధ్వని వంద మీటర్లు పోవుటకు సుమారు 0.3 సెకను పట్టును. ఈల విని గడియారము నొక్కు ఉపాధ్యాయుడు పిల్లవానికి అంత కాలమును ఊరక దానము చేయుచున్నాడన్నమాట! ఈలతోబాటు జెండా ఊపించి, దానిని చూచి నొక్కుట మేలు.)

ఈ రెండు కాలములను విడదీసి, వేర్వేరు గడియారములతో కొలుచు పోటీ ఒకటి కలదు. అది అమెరికాలో పుట్టిన ‘డ్రాగ్ రేసు’. పావు మైలు, అనగా సుమారు 402 మీటర్ల పొడవుగల తిన్నని బాటపై, నిశ్చలస్థితి నుండి రెండు కారులు ప్రక్కప్రక్కన బయలుదేరును. 1951లో వాలీ పార్క్స్ అనునతడు స్థాపించిన జాతీయ హాట్ రాడ్ సంఘము ఈ పందెములను వీథుల నుండి తప్పించి, కట్టుదిట్టములు గల బాటలకు చేర్చుటకు పాటుపడెను. 1963 ప్రాంతమున జెండా ఊపు మనుష్యునికి బదులు దీపస్తంభము వచ్చెను. దానిపై రంగుదీపములు ఉండుటచే దానికి ‘క్రిస్మస్ చెట్టు’ అని పేరు.

బయలుదేరు గీత వద్ద నేలకు దగ్గరగా ఒక కాంతికిరణము అడ్డముగా ప్రసరించి, ఎదుటనున్న కాంతి విద్యుత్ ఘటముపై పడుచుండును. కారు ముందుచక్రము ఆ కిరణమునకు అడ్డుగా నిలువవలెను. ఔత్సాహికుల పందెములలో మూడు పసుపు దీపములు అర సెకను చొప్పున ఒకదాని తరువాత ఒకటి వెలుగును. మరి అర సెకనుకు పచ్చదీపము వెలుగును. పచ్చదీపము వెలిగినప్పటి నుండి చక్రము కిరణమును వీడువరకు మొదటి గడియారము నడచును. చక్రము కిరణమును వీడినప్పుడు రెండవ గడియారము మొదలై, చివరి గీత వద్ద ఆగును. కాబట్టి పచ్చదీపము వెలిగిన పది సెకన్ల వరకు కారు కదలక నిలిచినను గమన కాలమునకు లోపము రాదు. పందెము మాత్రము పోవును.

పచ్చదీపమును చూచి కదలినచో ఆలస్యమేయగును. కన్ను చూచినది మెదడునకు చేరి, అచటి నుండి ఆజ్ఞ పాదమునకు వచ్చుటకు సుమారు 0.2 సెకను పట్టును. తరువాత కారు తన బరువును కదల్చుకొని, చక్రము కిరణమును దాటవలెను. అందుచేత నేర్పరులు చివరి పసుపు దీపమును చూచియే కదలుదురు. మనిషి ఆలస్యము, యంత్రము ఆలస్యము కలిసి సరిగా 0.5 సెకను అయినచో ప్రతిస్పందన కాలము సున్న. అంతకు ఏమాత్రము తగ్గినను ఎఱ్ఱదీపము వెలుగును, పందెము ఓడినట్లే.

ఇచట ఒక చక్కని చిక్కు కలదు. చక్రము కిరణమునకు తగిలీ తగలనట్లు నిలిచినచో, కిరణమును వీడుటకు సుమారు 30 సెం.మీ. దొర్లవలెను. కారు త్వరణము సెకనుకు సెకనుకు 5 మీటర్లనుకొన్నచో, s = ½at² అను సూత్రము ప్రకారము దీనికి 0.35 సెకను పట్టును. మనిషి 0.20 కలుపగా 0.55, ప్రతిస్పందన కాలము 0.05 అగును. కారును మరి 10 సెం.మీ. ముందుకు జరిపినచో దొర్లవలసినది 20 సెం.మీ. మాత్రమే, పట్టునది 0.28 సెకను. మొత్తము 0.48, ఎఱ్ఱదీపము! మనిషి మారలేదు, యంత్రము మారలేదు, చక్రము జానెడైనను జరుగలేదు.

మఱి జరిపినందువలన లాభమెంత? కిరణమును వీడునప్పటికి కారు అందుకొన్న వేగము తగ్గుటచే, గమన కాలము దాదాపు అంతే, అనగా 0.06 సెకను పెరుగును. ఒక ఖాతాలో మిగిలినది రెండవ ఖాతాలో ఖర్చగును. రెండు ఖాతాలు కలిపి చూడగా, 10 సెం.మీ. దూరము తగ్గినందుకు చివరి గీత వద్ద దక్కునది 0.002 సెకను మాత్రమే.

సాధారణమైన సొంత కారులతో పందెమాడువారికి ఈ లెక్క మరింత సూక్ష్మమైనది. ప్రతివాడును తన కారు ఎంత కాలములో పోవునో ముందుగా ప్రకటించవలెను. ఒకడు 14.00, రెండవవాడు 12.00 అని చెప్పినారనుకొనుడు. మొదటివానికి పచ్చదీపము 2 సెకన్లు ముందుగా వెలుగును. మొదటివాడు 0.02 ఆలస్యముగా కదలి 14.05లో చేరెను, మొత్తము 14.07. రెండవవాడు 0.15 ఆలస్యముగా కదలి 12.01లో చేరెను, 2 సెకన్లు కలుపగా 14.16. వేగమైన కారు, ప్రకటించిన కాలమునకు దగ్గరగా నడచియు, 0.09 సెకను తేడాతో ఓడిపోయినది. ఆ వేగమున అది సుమారు నాలుగు మీటర్ల దూరము. పోనీ మరింత వేగముగా నడిపి 11.99లో చేరిన నేమి? ప్రకటించిన కాలము కంటె తగ్గుట కూడ ఓటమియే.

మనుష్యుల పరుగుపందెములో రెండు కాలములును ఒకే గడియారములో కలిసియుండును. అయినను తొందరకు హద్దు కలదు: తుపాకి ధ్వని వెలువడిన 0.100 సెకను లోపల కదలినవాడు ధ్వని విని కదలలేదు, ఊహించి కదలినాడని నిర్ణయింతురు. విశాఖపట్నమునకు చెందిన యర్రాజి జ్యోతి 2023 అక్టోబరు 1న హాంగ్జౌ ఆసియా క్రీడలలో 100 మీటర్ల హర్డిల్స్ తుదిపోటీకి నిలిచినప్పుడు, ప్రక్కనున్న చైనా క్రీడాకారిణి వూ యాన్ని ముందుగా కదలెను. అధికారులు మొదట జ్యోతిని కూడ దోషిగా ఎంచిరి. అభ్యంతరము తెలుపగా ఇరువురను పరుగెత్తనిచ్చిరి. జ్యోతి 12.91 సెకన్లలో మూడవదిగా చేరెను. పిదప వూ యాన్ని అనర్హురాలని తేల్చుటచే ఆమెకు రజత పతకము లభించినది.

ప్రతిస్పందన కాలమును కొలుచుటకు తరగతిలో 30 సెం.మీ. స్కేలు చాలును. ఒక విద్యార్థి దానిని నిలువుగా పట్టుకొనవలెను. మరియొకడు సున్న గుర్తు వద్ద వ్రేళ్లు విప్పి ఉంచవలెను. చెప్పకుండ వదలిన స్కేలును 20 సెం.మీ. వద్ద పట్టుకొన్నచో 0.20 సెకను, 30 వద్ద అయినచో 0.25 సెకను. పదిసార్లు చేసి సగటు తీయవలెను. ‘వదలుచున్నాను’ అని చెప్పి చేసినచో కొందరు స్కేలు కదలకముందే వ్రేళ్లు మూయుదురు. వారికి ఎఱ్ఱదీపమే!

ఈ ప్రయోగములో పిల్లవాడు కాచుకొనియుండును. కొత్తగూడెం దాటిన అడవిదారిలో మోటారుసైకిలు నడుపు యువకుడు అట్లు కాచుకొనియుండడు. పశువు అడ్డు వచ్చుటకు ముందు పసుపు దీపములు వెలుగవు. అతడు బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టునని తలచినచో, గంటకు 60 కి.మీ. వేగమున బండి ఆలోగానే 17 మీటర్లు పోవును. బ్రేకు పట్టిన పిదప, వేగము సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గినచో, మరి 23 మీటర్లు. మొత్తము 40. గంటకు 80 కి.మీ. అయినచో 22, 41 కలిసి 63 మీటర్లు. వానకు తడిసిన దారిపై బ్రేకు పట్టు సగమైనచో 41 కాస్త 82 అగును. మొదటి 22 మీటర్లు అట్లే యుండును.