తండ్రి విద్య, తనయుని విమానము

తండ్రి గడించిన విద్యను కుమారుడు నిలుపుట యనగా నేమి? ఆయన పట్టిన పనిముట్టునే పట్టుటయా, లేక ఆ పనిలోని సారమును గ్రహించి క్రొత్త పనిముట్టు చేసికొనుటయా? మన పల్లెలలో ప్రతి కుటుంబమునకును ఎదురగు ప్రశ్నయే యిది. అమెరికాలో వాట్సను కుటుంబమున నిది యెట్లు తీరెనో, దానివలన విమానయానమునకు కలిగిన మేలేమో మనవి చేసెదను.

థామస్ వాట్సను 1874లో న్యూయార్కు రాష్ట్రమున నొక పల్లెలో జన్మించెను. యౌవనమున బండి కట్టుకొని రైతుల యిండ్లకు పోయి కుట్టుమిషనులును, వాద్యములును అమ్మెను. 1914లో నొక యంత్రముల కంపెనీకి అధికారిగా వచ్చెను. 1924లో ఐ.బి.ఎమ్. అను పేరు దాల్చిన కంపెనీ యదియే. రంధ్రముల కార్డులు దాని ముఖ్యవ్యాపారము. అట్టముక్కపై ఫలానిచోట రంధ్రమున్నచో ఫలాని అంకె యని యర్థము. యంత్రము వానిని చదివి లెక్క కట్టును.

ఆయన జ్యేష్ఠపుత్రుడు, తండ్రి పేరిటివాడే, 1914లో జన్మించెను. చదువునందు వెనుకబడినను విమానములన్న నాతనికి ప్రాణము. రెండవ ప్రపంచయుద్ధమున వైమానిక దళమున విమానచోదకుడై, 1942లో నొక సేనానిని మాస్కోకు గొనిపోయెను. యుద్ధానంతరము ఇంటి వ్యాపారమునకు మరలివచ్చి, ఇకమీదట ఎలక్ట్రానిక్ యంత్రములే దిక్కని వాదించెను. తండ్రికి కార్డులపై మమకారము మెండు. ఇరువురకును పలుమార్లు తీవ్రమైన కలహములు జరిగినవి. అయినను తండ్రి 1952లో కుమారుని అధ్యక్షుని గావించెను. 1956లో సంపూర్ణాధికారము నొసగి, ఆరు వారములకే కాలధర్మము నొందెను.

ఇక విమానముల సంగతి. ఆ దినములలో అమెరికన్ ఎయిర్‌లైన్సు గుమాస్తాలు బల్లచుట్టు కూర్చుండి, విమానమునకొక కార్డు చొప్పున పెట్టుకొని, సీట్ల లెక్క చేతితో వ్రాసెడివారు. ఒక్క టికెట్టు పని ముగియుటకు గంటన్నర పట్టుటయు కలదు. ఒకే సీటు నిద్దరికి అమ్మినచో తగవు. అమ్మక మిగిల్చినచో నష్టము. విమానము లేచిన పిమ్మట ఆ సీటునకు వెల లేదు. ధాన్యమువలె గాదెలో దాచుటకు వీలుపడని సరకు గదా!

1953లో ఆ విమానకంపెనీ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్తును, ఐ.బి.ఎమ్. ఉద్యోగి బ్లెయిర్ స్మిత్తును ఒక విమానమున ప్రక్క ప్రక్కన కూర్చుండిరి. ఇంటిపేరొకటే యగుటచే మాటలు కలిసినవి. అప్పటికే ఐ.బి.ఎమ్. శత్రువిమానముల జాడ తెలియు 'సేజ్' అను రక్షణవ్యవస్థకై యంత్రములు నిర్మించుచుండెను. దూరపు వార్తలను టెలిఫోను తీగలద్వారా ఒక్కచోటికి చేర్చు ఆ పద్ధతియే సీట్ల లెక్కకును పనికివచ్చెను. దానిపేరు 'సేబర్'. 1960లో న్యూయార్కు చెంత బ్రయర్‌క్లిఫ్ మానరునందు రెండు పెద్దయంత్రములు నెలకొల్పబడెను. ఒకటి పనిచేయుచుండ, రెండవది ఆపదకై సిద్ధముగా నుండెడిది. ఏ పట్టణపు గుమాస్తా మీటలు నొక్కినను, ఖాతా ఒక్కటే గనుక, అమ్మిన సీటు మరల అమ్ముటకు వీలులేదు. గంటన్నర పని క్షణములలో ముగిసెను. 1964 నాటికి ఆ కంపెనీ సీట్లన్నియు దానిద్వారానే అమ్ముడగుచుండెను.

నేడు మన పిల్లలు హైదరాబాదునుండి విదేశములకు టికెట్టు కొనునపుడు జరుగునదియు, మూలమున నిదియే. రంధ్రముల కార్డులు పోయినవి; లెక్క తప్పకుండుట యను తండ్రి విద్య నిలిచినది. కావున మన బిడ్డలు పనిముట్టు మార్చెద మన్నపుడు వెంటనే కోపింపక, ఏది విడుచుచున్నారో, ఏది నిలుపుచున్నారో మొదట విచారింపవలయును. సెలవు.