గోడ దగ్గరే ఆగిపోతున్న ఇంటర్నెట్

హెడ్మాస్టరు గదిలో ఫోన్ మీద వై-ఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది. వరండాలోకి వస్తే సగానికి పడిపోతుంది. చివరి తరగతి గదికి చేరేసరికి అసలుండదు. ఆరేడు గదులున్న చాలా చిన్న బడుల్లో ఇదే తంతు. కంప్యూటర్, బీరువా, తాళం ఉన్న గదిలోనే రూటర్ కూడా ఉంటుంది మరి. పాఠాలు జరిగేది మాత్రం మిగతా గదుల్లో.

ప్రభుత్వ లెక్కల్లో ఈ తేడా కనిపించదు. కేంద్ర విద్యాశాఖ యుడైస్ ప్లస్ నివేదికల ప్రకారం 2021-22లో దేశంలోని 33.9 శాతం పాఠశాలలకు ఇంటర్నెట్ ఉండగా, 2024-25లో ఆ సంఖ్య 63.5 శాతానికి చేరింది. ఒక గదికే అందినా, పది గదులకు అందినా ఆ శాతంలో ఒక బడి కిందే లెక్క. ఇంటర్నెట్ ఆఫీసు పనికే పరిమితమైనన్నాళ్లూ దీన్నెవరూ పట్టించుకోలేదు. ఇప్పుడలా కుదరదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2022 ఆగస్టులో ఉపాధ్యాయుల హాజరును ముఖం గుర్తించే యాప్‌కు మార్చినప్పుడు మొదట తలెత్తిన అభ్యంతరాల్లో నెట్‌వర్క్ ఒకటి. మరుసటి ఏడాది 'నాడు-నేడు' కింద తరగతి గదుల్లో పెద్ద తాకే తెరలు బిగించారు. సిగ్నల్ అందని గదిలో అలాంటి తెర ముందే నింపిన పాఠాలు చూపించే టీవీగా మిగిలిపోతుంది.

నిజానికి వై-ఫైకి దూరం అంత పెద్ద శత్రువేమీ కాదు, అడ్డమే శత్రువు. నేపాల్ కొండలే ఇందుకు సాక్ష్యం. మ్యాగ్దీ జిల్లా నాంగీ గ్రామంలో హిమాంచల్ హైస్కూలు ఉపాధ్యాయుడు మహావీర్ పున్ 2002లో పొరుగునున్న రామ్‌చే గ్రామానికి వైర్‌లెస్ లింకు వేశారు. వాడింది టీవీ డిష్ యాంటెన్నాలు. తర్వాత చెట్ల మీద రిలే పరికరాలు కట్టి పోఖరా దాకా నెట్‌వర్క్ లాగారు. 2007లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. కొండ నుంచి కొండకు దాటిన ఆ తరంగాలే మన బడిలో పక్క గదికి వెళ్లలేకపోవడానికి కారణం, అక్కడ మధ్యలో ఉన్నది గాలి, ఇక్కడ ఉన్నవి తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఇనుప చువ్వల స్లాబు, రేకు బీరువా. లోహం తరంగాన్ని వెనక్కి కొడుతుంది, తడిసిన గోడ మింగేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగానికి వేగమెక్కువే గానీ గోడ దాటే శక్తి 2.4 గిగాహెర్ట్జ్ కంటే తక్కువ.

ఇంకాస్త శక్తిమంతమైన రూటర్ కొంటే సరిపోదా? ఎక్కువ మంది చేసే పొరపాటు ఇదే. రూటర్ ఎంత గట్టిగా అరిచినా, జవాబివ్వాల్సింది జేబులోని ఫోన్. దాని గొంతు చిన్నది. తెర మీద గుర్తు నిండుగానే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. రెండో పొరపాటు, ప్లగ్గులో గుచ్చే రిపీటర్. చవక, సులువు. కానీ చవకరకం రిపీటర్ ఒకే రేడియోతో విని, మళ్లీ అదే రేడియోతో చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. పైగా దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. దానికే వినబడనిది అది ఏం చెబుతుంది? వరండా మధ్యలో పెడితే కొంత మేలు. ఒకరిద్దరు ఉపాధ్యాయుల ఫోన్లకు అది చాలుతుంది. ముప్పై ట్యాబ్‌లు ఒకేసారి తెరిచే తరగతికి చాలదు.

అసలు మందు పాతదే, తీగ. రూటర్ నుంచి వరండా గోడ వెంట కేసింగ్‌లో క్యాట్-6 కేబుల్ లాగి, అవతలి చివర రెండో యాక్సెస్ పాయింట్ బిగించాలి. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, చిన్న బడికి అందులో సగం కూడా పట్టదు. డేటాతోపాటు కరెంటునూ అదే తీగ మీద పంపే రకం కొంటే కొత్త ప్లగ్గు పాయింటు అక్కర్లేదు. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే గది మారినప్పుడు ఫోన్ తనంతట తానే దగ్గరి దాన్ని వెతుక్కుంటుంది, అప్పుడప్పుడూ మొండికేసి పాతదాన్నే పట్టుకు వేలాడినా. పక్కపక్క పాయింట్లకు ఒకే ఛానెల్ ఇవ్వకూడదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డం రానివి 1, 6, 11 మూడే. 2005 నుంచి ఈ పౌనఃపున్యానికి మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు. అందుకే పక్కింటి రూటర్లూ అందులోనే కిక్కిరిసి ఉంటాయి.

ఆవరణలో విడిగా మరో భవనం ఉంటే మాత్రం రాగి తీగ వద్దు. దగ్గర్లో పిడుగు పడితే అటూ ఇటూ పరికరాలు మాడిపోతాయి. అక్కడ ఫైబర్ వేయాలి, లేదంటే కప్పు నుంచి కప్పుకు నాంగీ తరహా లింకు.

ఏదీ కొనకముందు చేయాల్సిన పని ఒకటుంది. గది గదికీ ఫోన్ పట్టుకుని తిరగడం, అదీ తలుపులు మూసి, పిల్లలు కూర్చుని ఉన్నప్పుడు. మనిషి ఒంట్లోని నీరూ తరంగాన్ని మింగుతుంది. ఖాళీ గదిలో బాగున్న సిగ్నల్ నిండిన తరగతిలో నీరసపడటం చాలామందికి అనుభవమే. అప్పుడు తేలుతుంది, రూటర్‌ను బీరువా వెనుక నుంచి తీసి వరండా వైపు గోడకు ఎత్తున పెడితే చాలా, తీగ లాగాల్సిందేనా అని. కొన్ని బడులకు పైసా ఖర్చు లేకుండా మొదటిదే సరిపోతుంది.

రూటర్‌కూ యాక్సెస్ పాయింట్‌కూ కలిపి ఓ చిన్న యూపీఎస్ ఉండాలి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ క్లాసు ఆగిపోతుంది. సెట్టింగుల పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బడి రికార్డుల్లో ఉంచాలి. అది తెలిసిన ఒక్క మాస్టారూ వేసవి బదిలీల్లో వెళ్లిపోతే, జూన్‌లో మళ్లీ మొదటికే.