చికెన్ షాపు డ్రమ్ములో ఏముంది?

చికెన్ షాపు ముందు బోర్డు మీద మూడు రేట్లుంటాయి: లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్. కోడి ఒక్కటే. రేటు పెరిగేది ముఖ్యంగా తూకంలోంచి తప్పుకున్న సరుకు వల్ల. బతికున్న బ్రాయిలర్ బరువులో సుమారు మూడో వంతు ఈకలు, పేగులు, తల, కాళ్లు, నెత్తురు కిందే పోతుంది. దాని ఖరీదూ మనమే కట్టి, డ్రమ్ములో వదిలేసి వస్తాం.

ఆ డ్రమ్ములో చిత్రమైన సరుకు ఈక. దాణాలో వాడే సోయా డీఓసీలో (నూనె తీసిన చెక్కలో) ప్రోటీన్ 45 శాతం దగ్గర ఉంటే, ఎండిన ఈకలో 85 శాతం పైమాటే. కానీ అది కెరటిన్, అంటే మన జుట్టులో, గోళ్లలో ఉండేదే. దాని పోగులను గంధకపు బంధాలు బిగించి పెడతాయి. జీర్ణరసాలు వాటిని తెంచలేవు కాబట్టి పచ్చి ఈక ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించినట్టు, ఒత్తిడిలో ఉన్న ఆవిరితో ఉడికిస్తే ఆ బంధాలు చాలావరకు విడిపోతాయి. తర్వాత ఆరబెట్టి పొడి చేస్తారు. ఉడుకు చాలకపోతే అరగదు, ఎక్కువైతే అమైనో ఆమ్లాలు దెబ్బతింటాయి. పైగా ఈ పొడిలో లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. అందుకే దాణాలో కొద్దిగానే కలుపుతారు. చౌక ప్రోటీన్ అని ఊదరగొట్టేవాళ్లు ఈ సంగతి మింగేస్తారు.

అసలు చిక్కు యంత్రంతో కాదు, సేకరణతో. పెద్ద ప్రాసెసింగ్ ప్లాంటులో ఈకలు ఒకవైపు, పేగులు ఒకవైపు పడతాయి. వీధి షాపులో అన్నీ ఒకే డ్రమ్ములోకి, నీళ్లతో, ప్లాస్టిక్ కవర్లతో సహా. మే నెల ఎండలో అది కుళ్లడానికి ఎంతోసేపు పట్టదు. అలాంటి సరుకు అడ్డదారి పడుతోంది: కృష్ణా, గోదావరి జిల్లాల్లో కొన్ని చేపల చెరువులకు, ముఖ్యంగా క్యాట్‌ఫిష్‌కు, పచ్చిగానే మేతగా వెళ్తోంది. నిషేధాలున్నాయి, అధికారులు వాహనాలు పట్టుకుంటూనే ఉన్నారు. ఉడికించని వ్యర్థంతో క్రిములు వస్తాయి, అది కుళ్లినకొద్దీ నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. వ్యర్థాల సేకరణకు టెండరు పిలిచే మునిసిపాలిటీ షాపుకు రెండు డ్రమ్ములు, ఎన్ని గంటల్లో ఎత్తాలన్న షరతు రాసుకుంటే సగం పని అయినట్టే.

ఫారాల్లో వచ్చే కోళ్ల పెంటతో ఈ తిప్పలు తక్కువ. అది ఒకచోటే పోగవుతుంది, కొనేందుకు రైతులూ వస్తారు. పచ్చిగా వేస్తే అమ్మోనియా, లవణాల ఘాటుకు మొక్క మాడుతుంది కాబట్టి కుప్ప వేసి మాగనివ్వాలి. ఇంగ్లండులో కోళ్ల పెంటను తగలబెట్టి కరెంటు తీస్తారు. ఐ అనే ఊళ్లో 1992లో మొదలుపెట్టారు, తర్వాత థెట్‌ఫర్డ్‌లో 38.5 మెగావాట్ల కేంద్రం కట్టారు. అక్కడ మిగిలిన బూడిదలో భాస్వరం, పొటాష్ దక్కుతాయి, నత్రజని మాత్రం గాలిలో కలుస్తుంది. సేంద్రియ కర్బనం అడుగంటిన మన మెట్ట చేలకు ఆ పద్ధతి నప్పదనే నా అభిప్రాయం.