నైరోబీ: గుడిసె మీద అద్దె

కెన్యా రచయిత మేజా మ్వాంగి నవల 'గోయింగ్ డౌన్ రివర్ రోడ్' 1976లో వచ్చింది. అందులో కూలీలు ఆకాశమంత భవనం ఒకటి కడుతుంటారు. దాని పేరు డెవలప్‌మెంట్ హౌస్! పొద్దుగూకితే వాళ్లలో కొందరు ఏటి ఒడ్డున వేసుకున్న గుడిసెలకు చేరతారు. నగరపాలక సంస్థ వాళ్లు వచ్చి తగలబెడతారు. వీళ్లు మళ్లీ వేసుకుంటారు. ఈ నవలను పట్నం చేరి చెడిపోయినవాళ్ల కథగా, తాగుబోతుల చిత్రణగా చదివే విమర్శతో నాకు పేచీ ఉంది. నిలువనీడ లేకపోవడం ఆ మనుషుల స్వభావంలోంచి రాలేదు. అది నైరోబీ పుట్టుకలోనే ఉంది.

1899లో ఉగాండా రైల్వే కోసం బ్రిటిష్‌వాళ్లు చిత్తడినేల మీద వేసిన మకాం నైరోబీ. చుట్టుపక్కల మంచి భూములన్నీ తెల్ల సెట్లర్లు పట్టుకున్నారు. ఆఫ్రికన్ రైతు గుడిసె పన్ను కట్టాలి, అందుకు రొక్కం కావాలి, రొక్కం కోసం కూలికి పోవాలి. 1920 నుంచి మగవాడు 'కిపాండే' అనే గుర్తింపు చీటీ మెడలో వేలాడేసుకుని తిరగాల్సి వచ్చింది. నగరం అతనికి పడక ఇచ్చింది గాని కాపురం ఇవ్వలేదు. కూలి ఒంటిమనిషి పొట్టకు సరిపడేంతే. ఆలుబిడ్డలను ఊళ్లో మిగిలిన చెక్క పోషించుకోవాలి. అంటే శ్రమశక్తిని పునరుత్పత్తి చేసే ఖర్చును పెట్టుబడి పల్లె మీదికి నెట్టేసిందన్నమాట.

1963లో జెండా మారింది. 1969లో 5 లక్షలున్న నగర జనాభా 2019 నాటికి 44 లక్షలకు చేరువైంది. వచ్చినవాళ్లంతా ఎక్కడున్నారు?

కిబేరా సంగతి చూడండి. వలస సైన్యంలో పనిచేసిన సూడాన్ సైనికులను, నూబియన్లను, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అక్కడ ఉండనిచ్చారు. పట్టాలు మాత్రం ఇవ్వలేదు. భూమి సర్కారుదే. పట్టా లేకపోవడమే తర్వాత కొందరికి లాభసాటి అయింది. మట్టిగోడ, రేకుల కప్పు వేసి పదడుగుల గది అద్దెకిచ్చేవాడు భూమికి వెల కట్టనక్కరలేదు, కుళాయి వేయనక్కరలేదు, మరుగుదొడ్డి ఊసే లేదు. అద్దె మాత్రం నెలనెలా వస్తుంది. అక్కడుండే వాళ్లలో అత్యధికులు కిరాయిదార్లు. గదుల సొంతదార్లలో చాలామంది అక్కడ కాపురముండరు; వారిలో అధికారులూ నాయకులూ ఉన్నారన్నది బహిరంగ రహస్యం. 20 లీటర్ల డబ్బా చొప్పున నీళ్లు కొనే పేదవాడు, ఇంట్లో కుళాయి ఉన్న ధనికుడికంటే లీటరుకు ఎన్నోరెట్లు ఎక్కువ చెల్లిస్తాడు.

కిబేరాలో పది లక్షలమంది ఉన్నారని ప్రపంచమంతా రాసింది. 2009 జనాభా లెక్కల్లో తేలింది సుమారు 1,70,000. అంకె పెరిగితే దాతల జాలి పెరుగుతుందేమో గాని, అద్దె ఎవరి జేబులోకి పోతున్నదనే ప్రశ్న మాత్రం పుట్టదు.

అద్దె వసూలవుతున్నన్నాళ్లు ఎవరికీ గుర్తురాని చట్టం బుల్డోజరు వెంట వస్తుంది. 1990లో మురోటో గుడిసెలను అలాగే కూల్చారు. 2018 జూలైలో ఒక రోడ్డు కోసం కిబేరాలో వేలాదిమందిని వీధిపాలు చేశారు. సొంతదారు పోగొట్టుకున్నది నాలుగు రేకులు. కిరాయిదారు పోగొట్టుకున్నది ఇల్లు, పిల్లల బడి, పనికి నడిచిపోగల దూరం.

గూగీ వా థియాంగో కమీటీ జైల్లో మరుగుదొడ్డి కాగితం మీద గికూయు భాషలో రాసిన నవల 'డెవిల్ ఆన్ ది క్రాస్'ను వరవరరావు కూడా జైల్లోనే తెలుగు చేశారు. అందులో దొంగలకు పోటీ జరుగుతుంది. ఒకడు మట్టినీ గాలినీ అమ్ముతానంటాడు. మరొకడు పిట్టగూడంత ఇళ్లు కట్టి అద్దెకిస్తానంటాడు. దీన్ని అతిశయోక్తి అనేవాళ్లు, పదడుగుల గదిలో ఒక కుటుంబమంతా ఎలా పడుకుంటుందో ముందు లెక్కవేసి చెప్పాలి.