9848తో మొదలయ్యే ఇంటి నంబర్ ఇంకా మీదేనా? ఒకసారి చెక్ చేసుకోండి

9848, 9849, 9440. మీ ఇంట్లో పెద్దవాళ్ళ నంబర్ వీటిలో ఏదో ఒకదానితో మొదలైతే, అది మీరు ఇప్పటిదాకా వాడిన ఫోన్లన్నిటికన్నా పాతదై ఉండే ఛాన్స్ ఎక్కువ. 9848 ఐడియాది, అంతకుముందు టాటా సెల్యులార్. 9849 ఎయిర్‌టెల్. 9440 బీఎస్‌ఎన్‌ఎల్ సెల్‌వన్, అది 2002 అక్టోబరులో వచ్చింది. అప్పట్లో నంబర్ చూడగానే ఏ కంపెనీయో చెప్పేసేవాళ్ళం. 2011 జనవరి 20న దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చాక ఆ లెక్క పోయింది. కానీ ఆ సిరీస్‌ల వెనక ఒక సంగతి ఇంకా బతికే ఉంది. అదేంటో కాసేపట్లో చెప్తా.

ముందు మా వైపు సంగతి. జగ్గయ్యపేట, నందిగామ. కాగితాల మీద 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా, మాటల్లో మాత్రం ఇంకా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. రెండూ హైదరాబాద్-విజయవాడ హైవే మీది ఊళ్ళే, మధ్యలో ఉన్నది సుమారు 30 కిలోమీటర్లు. అయినా ల్యాండ్‌లైన్ రోజుల్లో పేటకి 08654, నందిగామకి 08678, వేర్వేరు ఎస్టీడీ కోడ్‌లు. ఆ ల్యాండ్‌లైన్ నంబర్లు ఇప్పుడు చాలా ఇళ్ళల్లో లేవు. మన దగ్గర పోర్టబిలిటీ మొబైల్‌కే గానీ ల్యాండ్‌లైన్‌కి లేదు కాబట్టి, కనెక్షన్ సరెండర్ చేసిన రోజే నంబర్ కూడా పోయింది. దాని మీద పెద్దగా ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే అప్పటికే జేబులోకి మొబైల్ నంబర్ వచ్చేసింది. "ఇంటి నంబర్" అన్న హోదా దానికి దక్కింది.

అసలు చిక్కు అక్కడే. ల్యాండ్‌లైన్ పోతే ఊళ్ళో వాళ్ళకి తెలిసేది. మొబైల్ నంబర్ చడీచప్పుడు లేకుండా పోతుంది.

మా పెదనాన్నకి పేటలో పురుగుమందుల కొట్టు ఉంది. ఇరవై ఏళ్ళ పైబడి ఒకటే నంబర్. కొట్టు బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, చుట్టుపక్కల మిర్చి, పత్తి రైతుల నోటి మీద అదే. మా అక్క పిలిస్తే ఆరు నెలలు అమెరికా వెళ్ళొచ్చారు. కీప్యాడ్ ఫోన్ సిమ్‌తో సహా బీరువాలో పెట్టి వెళ్ళారు. వెనక్కి వచ్చి ఫోన్ ఆన్ చేస్తే సిగ్నల్ లేదు. నందిగామలో ఆ కంపెనీ స్టోర్‌కి వెళ్తే కుర్రాడు సిస్టమ్‌లో చూసి, "నంబర్ వేరే కస్టమర్‌కి అలాట్ అయిపోయింది సార్" అన్నాడు.

"నా నంబర్ ఎవర్నడిగి ఇచ్చారు బాబూ?"

"ప్యాక్ అయిపోయిందని మెసేజ్‌లు పంపాం సార్."

ఎక్కడికి పంపారు? బీరువాలో ఆగిపోయిన ఆ ఫోన్‌కే. ఆ రోజు నేనే ఆ నంబర్‌కి రింగ్ చేశా. ఎత్తింది ఏలూరు వైపు కుర్రాడు, పాపం బానే మాట్లాడాడు. "అన్నా, రోజూ ఎవరో ఒకళ్ళు మందు డబ్బా రేటు అడుగుతున్నారు, బ్యాంక్ మెసేజ్‌లు కూడా వస్తున్నాయి" అన్నాడు. రేట్లు అడిగేవాళ్ళ సంగతి సరే, ఆ రెండో ముక్క విన్నాకే మా అందరికీ గుబులు పట్టుకుంది.

ఇక రూల్స్‌కి వద్దాం. ఫోన్ నంబర్ మీద మనకి యాజమాన్య హక్కు లేదు. నంబర్లు ప్రభుత్వ వనరు. టెలికాం శాఖ కంపెనీలకి కేటాయిస్తుంది, కంపెనీలు మనకి వాడుకోవడానికి ఇస్తాయి. ఇరవై ఏళ్ళు వాడినా ఇరవై రోజులు వాడినా హోదా ఒకటే. ట్రాయ్ 2013లో తెచ్చిన రూల్ ప్రకారం 90 రోజుల లోపు "వాడకం లేదు" అని ప్రీపెయిడ్ నంబర్‌ని ఆపేయకూడదు. కాల్ చేసినా, కాల్ వచ్చినా, ఎస్‌ఎంఎస్ పంపినా, డేటా వాడినా వాడకమే. 90 రోజులు దాటాక కూడా మెయిన్ బ్యాలెన్స్‌లో రూ.20 ఉంటే దాన్ని కోసుకుని ఇంకో 30 రోజులు నంబర్ ఉంచాలి. ఆ తర్వాత ఆపేసినా, మళ్ళీ తీసుకోవడానికి 15 రోజుల గడువు ఇవ్వాలి.

వినడానికి బానే ఉంది. కానీ ఇప్పుడు మెయిన్ బ్యాలెన్స్ ఎవరు ఉంచుతున్నారు? 2005 చివర్లో రూ.999 కడితే లైఫ్‌టైమ్ ఇన్‌కమింగ్ అన్నారు, పెద్దవాళ్ళకి ఇప్పటికీ అదే మాట గుర్తు. 2018 చివరి నుంచి కనీస రీఛార్జ్ తప్పనిసరి అయింది, ప్యాక్ అయిపోతే కొద్ది రోజుల్లో ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. ఇన్‌కమింగ్ ఆగితే "వాడకం" ఎక్కడి నుంచి వస్తుంది? రూ.20 రూల్ రాసింది టాప్-అప్ కార్డులు గీకే కాలానికి. అన్‌లిమిటెడ్ ప్యాక్‌ల కాలంలో అది చాలామందిని కాపాడట్లేదు. నా దృష్టిలో ఆ రూల్‌ని ఎప్పుడో మార్చాల్సింది.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. పోర్ట్ అయిన నంబర్ డెడ్ అయితే, అది ఆఖర్న వాడిన కంపెనీ దగ్గర ఉండిపోదు. సిరీస్ మొదట ఎవరిదో వాళ్ళకే తిరిగి వెళ్తుంది. 9440 నంబర్‌ని ప్రైవేట్ కంపెనీకి పోర్ట్ చేసి అక్కడ పోగొట్టుకుంటే అది మళ్ళీ బీఎస్‌ఎన్‌ఎల్ ఖాతాలో పడుతుంది. అందుకే చాలామంది వెళ్ళకూడని స్టోర్‌కి వెళ్ళి గంటలు గంటలు కూర్చుంటారు.

కస్టమర్ వైపు ఏ లోపం లేకుండానే నంబర్లు పోయిన కేసూ ఉంది. అదే ఎయిర్‌సెల్. 2018 ఫిబ్రవరి చివర్లో దివాలా పిటిషన్ వేసింది. పోర్ట్ అవ్వాలంటే 1900కి ఎస్‌ఎంఎస్ పంపి యూపీసీ కోడ్ తెచ్చుకోవాలి, ఆ ఎస్‌ఎంఎస్ పాత నెట్‌వర్క్ నుంచే వెళ్ళాలి. టవర్లే ఆగిపోతే ఎలా పంపుతారు? ట్రాయ్ కలగజేసుకుని యూపీసీల గడువు 2018 ఏప్రిల్ 15 వరకు పెంచింది. అయినా 2019లో ట్రాయ్ ఆఖరి గడువు అక్టోబర్ 31 అని చెప్పేటప్పటికి పోర్ట్ కాని నంబర్లు ఇంకా సుమారు 7 కోట్లు. అంతకుముందు 2017 డిసెంబరులో రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాయిస్ సర్వీస్ ఆపేసినప్పుడూ ఇదే తంతు. టాటా డొకోమో వాళ్ళు కాస్త అదృష్టవంతులు, 2019 జులైలో ఎయిర్‌టెల్‌లో కలిసిపోవడంతో నంబర్లు నిలిచాయి.

సరే, నంబర్ వేరేవాళ్ళకి వెళ్ళిపోయాక మన అకౌంట్ల సంగతేంటి? 2023 నవంబరులో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆపేసిన నంబర్‌ని కనీసం 90 రోజుల వరకు కొత్తవాళ్ళకి ఇవ్వట్లేదని ట్రాయ్ చెప్పింది. ఆ లోపు డేటా తీసేసుకోవాల్సింది కస్టమరే అని తేలింది. 45 రోజులు వాడకుండా ఉన్న అకౌంట్ వేరే ఫోన్‌లో యాక్టివేట్ అయితే పాత డేటా తీసేస్తామని వాట్సాప్ అంటోంది. యూపీఐ విషయంలో 2025 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకులు, యాప్‌లు చేతులు మారిన నంబర్ల జాబితాని వారానికోసారైనా సరిచూసుకోవాలని ఎన్‌పీసీఐ చెప్పింది. కానీ గ్యాస్ బుకింగ్, ఫాస్టాగ్, పీఎం కిసాన్, కొట్టు జీఎస్టీ... ఇవన్నీ వేటికవే మార్చుకోవాలి. పెదనాన్న ముందు బ్యాంక్‌కి, తర్వాత ఆధార్ సెంటర్‌కి వెళ్ళారు. ఆ ఆర్డరే కరెక్ట్, ముందు డబ్బుకి తాళం వెయ్యాలి.

వాట్సాప్‌లో మాత్రం ఒక చిన్న వెసులుబాటు ఉంది. సిమ్ డెడ్ అయినా ఫోన్‌లో వాట్సాప్ ఇంకా లాగిన్ అయ్యే ఉంటే, సెట్టింగ్స్‌లో "చేంజ్ నంబర్"తో కొత్త నంబర్‌కి మారొచ్చు. ఓటీపీ కొత్త నంబర్‌కే వస్తుంది, గ్రూపులు అలాగే ఉంటాయి. పాత నంబర్‌తో కొత్త ఓనర్ లాగిన్ అయ్యేలోపు చేసేయాలి.

మీ ఇంట్లో ఎవరైనా విదేశాలకి వెళ్తుంటే, సిమ్‌ని బీరువాలో పెట్టకండి. ఆ సిమ్‌ని మీ డ్యూయల్ సిమ్ ఫోన్‌లో రెండో స్లాట్‌లో వేసుకుని, ప్యాక్ గడువు క్యాలెండర్‌లో పెట్టుకోండి. డేటా అక్కర్లేదనుకుంటే వాయిస్, ఎస్‌ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు అడగండి. 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పాక కంపెనీలు అవి ఇస్తున్నాయి. ల్యాండ్‌లైన్ ఇంకా ఉన్న అదృష్టవంతులైతే, బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌కి మారేటప్పుడు అదే నంబర్ ఉంచమని అడగండి.

ఇంకొక్కటి. సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. తాతయ్య పేరు మీద తీసుకున్న సిమ్ ఆయన పోయాక కూడా అలాగే నడుస్తున్న ఇళ్ళు మా వైపు బోలెడు. ఆ సిమ్ పాడైతే డూప్లికేట్ ఇవ్వడానికి స్టోర్ వాళ్ళు అడిగేది ఆయన్నే. నంబర్ బతికి ఉండగానే మరణ ధ్రువీకరణ పత్రం, మీ ఐడీ తీసుకెళ్ళి పేరు మార్పించుకోండి. మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో సంచార్ సాథీలో కనిపిస్తుంది. ఆ సౌకర్యం 2021లో మొదట వచ్చింది మన ఏపీ, తెలంగాణలకే. రాష్ట్రం విడిపోయినా టెలికాంలో రెండూ ఇప్పటికీ ఒకటే సర్కిల్. కాబట్టి పేట వాళ్ళు కోదాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్నా పోర్టింగ్ మూడు పని దినాల్లో అయిపోవాలి. సిమ్ మార్చిన వెంటనే మాత్రం పోర్ట్‌కి వెళ్ళకండి. 2024 జులై 1 నుంచి సిమ్ రీప్లేస్ చేశాక ఏడు రోజుల వరకు యూపీసీ ఇవ్వరు.